ఎఫ్‌టీఎం బాటిళ్లు సగం దాకా పింక్ అవుతున్నాయి, స్పోరోజీన్స్ పెరగలేదు. మళ్లీ మరిగించి వాడొచ్చా?

పరవాడ_మైక్రో:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి విశాఖ దగ్గర ఒక ఇంజెక్షన్ల యూనిట్‌లో క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం)లో పనిచేస్తున్నాను. ఈమధ్యే స్టెరిలిటీ సెక్షన్‌కి, అంటే మందులో సూక్ష్మజీవులు లేవని పరీక్షించే చోటికి మార్చారు. సీనియర్లు ఎవరైనా దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

మేం పొడి మీడియా (సూక్ష్మజీవుల్ని పెంచే పోషకం) కొని ల్యాబ్‌లోనే తయారు చేసుకుంటాం. సోయాబీన్ కేసీన్ మీడియంతో ఏ ఇబ్బందీ లేదు. ఫ్లూయిడ్ థయోగ్లైకొలేట్ మీడియం (ఎఫ్‌టీఎం) మాత్రం ఏడిపిస్తోంది. ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో స్టెరైల్ చేసే యంత్రం) నుంచి తీసినప్పుడు బాగానే ఉంటుంది, లేత గడ్డి రంగు, పైన సన్నగా పింక్. కోల్డ్ రూమ్‌లో పెట్టి కొన్నాళ్లకు చూస్తే పింక్ కిందికి దిగి దిగి సగం దాకా వచ్చేస్తోంది. అప్పుడు వాటర్ బాత్‌లో పెట్టి మరిగిస్తే రంగు పోతుంది, మళ్లీ లోపల పెడతాం, మళ్లీ వస్తుంది, మళ్లీ మరిగిస్తారు. ఇక్కడ ఎప్పటినుంచో ఇదే పద్ధతి అంటున్నారు.

అసలు కంగారు ఏంటంటే, మొన్నటి లాట్‌కి గ్రోత్ ప్రమోషన్ టెస్ట్‌ని (తెలిసిన బ్యాక్టీరియా వేసి మీడియా వాటిని పెంచుతుందో లేదో చూసేది) ప్రాడక్ట్ టెస్ట్‌తో పాటే పెట్టారు. స్టాఫ్ ఆరియస్, సూడోమోనాస్ మర్నాటికే బాగా పెరిగాయి. గాలి గిట్టని క్లాస్ట్రిడియం స్పోరోజీన్స్ బాటిల్ మాత్రం మూడో రోజు కూడా నిర్మలంగా ఉంది. అదే లాట్ మీడియాలో రెండు ప్రాడక్ట్ బ్యాచ్‌లు ఇంక్యుబేటర్‌లో ఉన్నాయి. మా సూపర్‌వైజర్ "వేరే బాటిల్ తీసుకుని, ఇనాక్యులమ్ (టెస్ట్ కోసం వేసే బ్యాక్టీరియా) కాస్త ఎక్కువ వేసి మళ్లీ పెట్టు, అది వస్తే అదే రాద్దాం" అన్నారు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎదురు చెప్పాలంటే కారణం గట్టిగా తెలిసి ఉండాలి కదా. ఎన్నిసార్లు మరిగించొచ్చు? టెస్ట్ మళ్లీ పెట్టొచ్చా? ఈ గోల లేకుండా రెడీమేడ్ బాటిళ్లు కొనమని అడగడం మేలా?

జీడిమెట్ల_రమణ:

ఒక్కసారే. పింక్ పైనుంచి మూడో వంతు దాటితే ఒక్కసారి మాత్రం వేడి చేసి, రంగు పోగానే గబగబా చల్లార్చి వాడుకోవచ్చని ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం)లోనే ఉంది. రెండోసారి పింక్ అయితే పారబోయడమే. ఇక ఇనాక్యులమ్ 100 సీఎఫ్‌యూ (కాలనీగా పెరగగల కణాల లెక్క) దాటకూడదు. మీ సూపర్‌వైజర్ చెప్పింది చేయొద్దు.

లక్ష్మి_వ్యాక్సిన్_క్యూసీ:

పరవాడ చెల్లీ, ముందు ఒక మాట, నీకు మనసొప్పకపోవడం సరైనదే. కారణాలు నేను చెప్తాను, ఇవి పట్టుకుని ధైర్యంగా మాట్లాడు.

ఆ పింక్ ఏంటో చాలామందికి సరిగ్గా తెలియకుండానే ఏళ్ల తరబడి మరిగిస్తూ ఉంటారు. మీడియాలో రెసజ్యురిన్ అనే రంగు చిటికెడు ఉంటుంది. ఆక్సిజన్ తగిలిన చోట అది పింక్‌గా, ఆక్సిజన్ లేని చోట రంగు లేకుండా ఉంటుంది. అంటే నువ్వు బాటిల్‌లో చూస్తున్న పింక్ గీత గాలి ఎంత లోతు దాకా దిగిందో చూపే కొలబద్ద. పైన కొంచెం పింక్ ఉండటం తప్పేమీ కాదు, ఉండాలి కూడా, గాలి కావలసిన బ్యాక్టీరియా అక్కడే పెరుగుతాయి. కింద రంగు లేని భాగం గాలి గిట్టని వాటికి. ఒకే బాటిల్‌లో రెండు రకాలకూ చోటు ఇవ్వడం ఈ మీడియం గొప్పతనం. 1940లో బ్రూవర్ అనే అమెరికన్ బ్యాక్టీరియాలజిస్ట్ ఈ పద్ధతిని ప్రచురించాడు, అప్పటిదాకా ఎనరోబ్‌లను, అంటే గాలి గిట్టని బ్యాక్టీరియాని పెంచాలంటే జార్లూ సీళ్లూ తప్పనిసరి. మామూలు బాటిల్‌లో, మామూలు ఇంక్యుబేటర్‌లో ఎనరోబ్‌ని పెంచొచ్చని చూపించడం అప్పట్లో చిన్న విషయం కాదు.

ఇది ఎలా పని చేస్తుందంటే, సోడియం థయోగ్లైకొలేట్, సిస్టీన్ లీటరుకి అర గ్రాము చొప్పున ఉంటాయి, అవి కరిగి ఉన్న ఆక్సిజన్‌ని పట్టేసుకుంటాయి. దాంతో పాటు లీటరుకి 0.75 గ్రాముల అగర్. అంత తక్కువ అగర్ ఎందుకా అని నేను కూడా మొదట్లో అనుకునేదాన్ని, గడ్డ కట్టదు, పెద్దగా చిక్కబడనూ పడదు. దాని పని ద్రవం లోపల కదలికను ఆపడం. పై గాలి కిందికి కలవకుండా ఆ కాస్త చిక్కదనమే అడ్డుకుంటుంది. అందుకే ఈ బాటిళ్లను గట్టిగా కుదపకూడదు, ప్రాడక్ట్ వేశాక కూడా మెల్లగా వంచి తిప్పాలి అంతే. మా దగ్గర వ్యాక్సిన్లకు థయోగ్లైకొలేట్‌తో ఇంకో లాభం కూడా ఉంది, థయోమెర్సాల్ లాంటి పాదరసం ప్రిజర్వేటివ్‌ని అది నిర్వీర్యం చేస్తుంది. మీకది అక్కర్లేకపోవచ్చు.

ఇప్పుడు మరిగించడం సంగతి. మరిగిస్తే కరిగిన గాలి బయటికి పోతుంది, రంగు పోతుంది, చూడటానికి కొత్త మీడియాలాగే ఉంటుంది. కానీ ఆక్సిజన్‌తో కలిసి ఖర్చయిపోయిన థయోగ్లైకొలేట్ మరిగించినంత మాత్రాన తిరిగి రాదు. పైగా గ్లూకోజ్, పెప్టోన్ కలిసి మళ్లీ మళ్లీ వేడెక్కితే మీడియా గోధుమ రంగుకు తిరుగుతుంది, పీహెచ్ పడిపోతుంది (7.1కి అటూ ఇటూ 0.2 లోపల ఉండాలి), బలహీనంగా ఉన్న కణాలకు పడని పదార్థాలు పుడతాయి. బలహీనంగా ఉన్న కణాలు అన్నది గుర్తు పెట్టుకో. వడపోత, వేడి, మందు అన్నీ తట్టుకుని వయల్‌లో ఒకటో రెండో మిగిలితే అవి ల్యాబ్ కల్చర్ అంత హుషారుగా ఉండవు. వాటిని పట్టుకోవడానికే కదా మనం ఉన్నది.

ఇనాక్యులమ్ పెంచడం దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. స్పోరోజీన్స్ లాంటి ఎనరోబ్‌ని వేలల్లో, లక్షల్లో వేస్తే అవే చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ని తగ్గించేసుకుని తమకు కావలసిన వాతావరణం తయారు చేసుకుంటాయి. అప్పుడు పాడైపోయిన మీడియాలో కూడా పెరుగుతాయి. వందకు మించకూడదన్న నియమం పెట్టిందే ఆ తోడు లేకుండా మీడియా తనంతట తాను పెంచగలదో లేదో చూడటానికి. ఇనాక్యులమ్ పెంచితే టెస్ట్ పాస్ అవుతుంది, లోపం మాత్రం మీడియాలో అలాగే ఉండిపోతుంది.

నీ విషయంలో గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలి. ఇవి చెప్పు: బాటిల్ ఆకారం ఎలా ఉంది, ఎంత పోస్తున్నారు, మూత ఎప్పుడు బిగిస్తున్నారు, ఆటోక్లేవ్ అయ్యాక ఎంతసేపటికి బయటికి తీస్తున్నారు, మీ కోల్డ్ రూమ్ ఎన్ని డిగ్రీలు?

క్యూఏ_శ్రీధర్_పాశమైలారం:

లక్ష్మి మేడమ్ మీడియా సంగతి చెప్పారు కాబట్టి నేను కాగితాల సంగతి చెప్తాను.

గ్రోత్ ప్రమోషన్‌ని ప్రాడక్ట్ టెస్ట్‌తో పాటు పెట్టడం తప్పు కాదు, ముందు గానీ, పక్కపక్కన గానీ చేయొచ్చని ఉంది. కానీ పక్కపక్కన పెట్టేటప్పుడు, అది ఫెయిల్ అయితే ఆ మీడియాలో పెట్టిన ప్రాడక్ట్ టెస్టులకు కూడా విలువ ఉండదన్న షరతు ఒప్పుకుని పెడుతున్నట్టే లెక్క. 14 రోజుల తర్వాత ఆ రెండు బ్యాచ్‌ల బాటిళ్లు నిర్మలంగా ఉన్నాయనుకోండి, అందులో ఎనరోబ్ లేదని ఎలా చెప్తారు? వేసిన ఎనరోబే పెరగలేదు కదా.

మళ్లీ టెస్ట్ పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చు, కానీ దర్యాప్తు తర్వాత, కారణం రాసుకుని. మూడో రోజు పెరగలేదన్న మొదటి ఫలితం రికార్డులో ఉండాల్సిందే, దాన్ని తీసేసి రెండోది రాస్తే అది డేటా ఇంటెగ్రిటీ సమస్య, మీ సంతకం మీద నిలబడుతుంది. ఈరోజే క్యూఏ (నాణ్యత హామీ విభాగం)కి తెలియజేయండి. నోటిమాటగా కాదు, మీ దగ్గర ఏ ఫారం ఉంటే ఆ ఫారంలో. సూపర్‌వైజర్‌కి చెప్పే చేయండి, వెనకనుంచి చేసినట్టు ఉండకూడదు.

దర్యాప్తులో ముందు చూడాల్సింది మీడియా కాదు, ఇనాక్యులమ్. ఆ రోజు అదే సస్పెన్షన్‌ని (బ్యాక్టీరియా కలిపిన ద్రవం) ప్లేట్ మీద కూడా వేసి ఉంటారు కదా, అందులో కౌంట్ ఎంత వచ్చింది? ప్లేట్ పెట్టిన ఎనరోబిక్ జార్ (ఆక్సిజన్ లేని జార్) సరిగ్గా పని చేసిందా? ప్లేట్ మీద 40, 60 కాలనీలు వచ్చి బాటిల్‌లో పెరగలేదంటే మీడియా దోషం. ప్లేట్ మీద కూడా ఏమీ లేదంటే సస్పెన్షన్ చచ్చిపోయి ఉండొచ్చు, అప్పుడు మీ మీడియా మీద తీర్పు ఇంకా రానట్టే. పాత లాట్ బాటిల్ మిగిలి ఉండి, దాని గడువు లోపల ఉంటే దాన్నీ పక్కన పెట్టి చూడండి, తేడా కళ్లకే కనిపిస్తుంది. కల్చర్ ఎన్నో పాసేజో (ఎన్నిసార్లు కొత్త మీడియాలోకి మార్చి పెంచారో) కూడా చూడండి, మాస్టర్ సీడ్ (మొదటి నిల్వ కల్చర్) నుంచి అయిదు దాటకూడదు.

మీడియా దోషం అని తేలితే ఆ రెండు ప్రాడక్ట్ టెస్టులు చెల్లవు. మళ్లీ అన్నే యూనిట్లతో, మంచి మీడియాతో మొదటి నుంచి చేయాలి. రిలీజ్ రెండు మూడు వారాలు ఆలస్యం అవుతుంది, ప్రొడక్షన్ వాళ్లు గొడవ చేస్తారు, చేయనివ్వండి.

పరవాడ_మైక్రో:

అందరికీ చాలా థాంక్స్. చదువుతుంటే ధైర్యం వచ్చింది. శ్రీధర్ గారూ, ప్లేట్ చూశాను, 52 కాలనీలు ఉన్నాయి, జార్‌లో ఇండికేటర్ కూడా సరిగ్గానే మారింది. అంటే మీడియానే. సూపర్‌వైజర్‌తో మాట్లాడాను, మొదట చిరాకు పడ్డారు గానీ ఇనాక్యులమ్ ఎక్కువైతే ఎందుకు పెరుగుతుందో లక్ష్మి అక్క రాసింది వివరించాక ఊరుకున్నారు. క్యూఏకి ఫారం వెళ్లింది.

అక్కా, మీరు అడిగినవి: 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులలో 100 మి.లీ. పోస్తాం, దూది ప్లగ్ పెట్టి పైన అల్యూమినియం ఫాయిల్ చుడతాం. ఆటోక్లేవ్ సాయంత్రం షిఫ్ట్‌లో వేస్తారు, 121 డిగ్రీలు 15 నిమిషాలే, కానీ తలుపు తీసేది మర్నాడు పొద్దున్న వచ్చేవాళ్లు. కోల్డ్ రూమ్ 2 నుంచి 8.

లక్ష్మి_వ్యాక్సిన్_క్యూసీ:

ఇంకేం కావాలి చెల్లీ, అన్నీ ఇందులోనే ఉన్నాయి.

కోనికల్ ఫ్లాస్క్ వెడల్పు, లోతు తక్కువ. గాలి తగిలే వైశాల్యం అంత ఎక్కువ ఉంటే ఏ థయోగ్లైకొలేట్ అయినా ఎన్నాళ్లు ఆగుతుంది? ఇంక్యుబేషన్ అంతా అయ్యాక కూడా పింక్ పై సగం దాటకూడదు, అలా ఉండేటట్టు బాటిల్ వైశాల్యం, లోతు చూసుకోమని ఫార్మకోపియా చెప్తుంది. 14 రోజుల తర్వాత సగం, వాడకముందు మూడో వంతు, ఈ రెండు గీతలూ గుర్తుంచుకుంటే చాలు. సన్నగా పొడుగ్గా ఉండే స్క్రూ మూత బాటిళ్లకు మారండి, పైన ఖాళీ తక్కువ ఉండేలా పోయండి.

దూది ప్లగ్ ఎఫ్‌టీఎంకి పనికిరాదు. దూది సూక్ష్మజీవుల్ని ఆపుతుంది, గాలిని ఆపదు. నిల్వ చేసే మీడియా గాలి చొరబడని మూతలో ఉండాలి. ఆటోక్లేవ్‌లో మూత కాస్త వదులుగా పెట్టి, బయటికి తీయగానే, ఇంకా వేడిగా ఉండగానే బిగించాలి. చల్లారే కొద్దీ లోపలికి గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఆ కొన్ని నిమిషాలు చాలా ముఖ్యం, మీ దగ్గర రాత్రంతా పీలుస్తోంది.

ఇక పొద్దున్న దాకా ఆటోక్లేవ్‌లోనే వదిలేయడం. కాగితం మీద 15 నిమిషాలే గానీ మీడియా అనుభవించే వేడి గంటల తరబడి. సోయాబీన్ కేసీన్ దీన్ని కొంత తట్టుకున్నట్టు కనిపిస్తుంది, అందుకే దానితో ఇబ్బంది లేదంటున్నావు, అయినా దాని పీహెచ్ (7.3, అటూ ఇటూ 0.2) కూడా ప్రతి లాట్‌కీ ఆటోక్లేవ్ తర్వాతే, గది వేడికి చల్లారాక చూడండి. సైకిల్ అయిపోయేసరికి మనిషి అక్కడ ఉండే షిఫ్ట్‌లో వేయండి.

కోల్డ్ రూమ్ నిబంధన ప్రకారం తప్పు కాదు, 2 నుంచి 25 డిగ్రీల దాకా ఒప్పుకుంటుంది. కానీ చల్లటి ద్రవంలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. నా అనుభవంలో ఎఫ్‌టీఎం 20 నుంచి 25 డిగ్రీల గదిలో, వెలుతురు తగలని బీరువాలో ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎన్ని వారాలు నిలుస్తుందో మీ బాటిల్, మీ మూతతో మీరే పరీక్షించి గడువు పెట్టుకోవాలి, ఆ గడువు చివర్లో కూడా స్పోరోజీన్స్ పెరగాలి.

ఇంకోటి, పొడి కలిపేటప్పుడు పూర్తిగా మరిగేదాకా వేడి చేసి అగర్, సిస్టీన్ కరిగాకే బాటిళ్లలో పోయండి. సరిగ్గా కరగకుండా పోస్తే ఒక బాటిల్‌కి అగర్ ఎక్కువ, ఇంకోదానికి తక్కువ వెళ్తుంది, ఒకే లాట్‌లో పింక్ గీతలు రకరకాలుగా ఉండటానికి ఇదొక కారణం. స్పోరోజీన్స్ వేసేటప్పుడు పిపెట్ కొన కిందిదాకా దించి, బుడగలు రాకుండా వదలండి.

సూర్యాపేట_టు_న్యూజెర్సీ:

రెడీమేడ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ మా సైట్‌లో అంతా రెడీమేడే, సీల్డ్ బాటిల్స్, సమయం మిగులుతుంది. కానీ రెడీమేడ్ కొంటే గ్రోత్ ప్రమోషన్ చేయక్కర్లేదనుకుంటే పొరపాటు, వచ్చిన ప్రతి లాట్‌కీ చేయాలి. దారిలో ఎండకు కాగి రావచ్చు, మూత వదులై రావచ్చు, సర్టిఫికెట్ ఫ్యాక్టరీ గేటు దాకానే చెప్తుంది. ఖర్చు కూడా బాగా ఎక్కువ. మీ దగ్గర బాటిళ్లు, మూతలు, ఆటోక్లేవ్ టైమింగ్ సరిచేస్తే పొడితోనే చక్కగా జరిగిపోతుందని నా అభిప్రాయం.

మీడియా ఫిల్‌కి (మందు బదులు మీడియా నింపి ఫిల్లింగ్ లైన్‌ని పరీక్షించడం) మాత్రం పొడి విషయంలో జాగ్రత్త. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు తమ ప్రశ్న-జవాబుల్లో ఒక కేసు రాశారు, ఎవరైనా చదవాల్సిందే. ఒక కంపెనీలో మీడియా ఫిల్ మళ్లీ మళ్లీ ఫెయిల్ అవుతోంది, ప్లేట్ల మీద వేస్తే ఏమీ పెరగడం లేదు. చివరికి జీన్ సీక్వెన్సింగ్ చేస్తే అకోలిప్లాస్మా లైడ్లావీ అనే బ్యాక్టీరియా అని తేలింది. దానికి సెల్ వాల్ ఉండదు, అందుకని 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా జారిపోతుంది. వచ్చింది ఎక్కణ్ణుంచి అంటే స్టెరైల్ చేయని ట్రిప్టిక్ సోయ్ (సోయాబీన్ కేసీన్ మీడియంకే ఇంకో పేరు) పొడి నుంచే. 0.1 మైక్రాన్ ఫిల్టర్ వాడటం, లేదా రేడియేషన్‌తో స్టెరైల్ చేసిన పొడి కొనడం దానికి పరిష్కారం. మీరు ఆటోక్లేవ్ చేసే స్టెరిలిటీ మీడియాకి ఈ భయం లేదు, వేడికి అది చస్తుంది. ఫిల్టర్ చేసి వాడే చోటే చూసుకోవాలి.

జీడిమెట్ల_రమణ:

మీడియా గురించి ఇంత పట్టుదల ఎందుకో కొత్తవాళ్లకు ఒక లెక్క చెప్తాను. 500 దాటిన బ్యాచ్‌కి మనం పరీక్షించేది మామూలుగా 20 వయల్సే. బ్యాచ్‌లో వందకి ఒకటి కలుషితం అయిందనుకోండి, ఆ 20లో ఒక్కటైనా అది తగిలే అవకాశం 18 శాతం. వెయ్యికి ఒకటి అయితే 2 శాతం. అంటే మీడియా అద్భుతంగా ఉన్నా ఈ టెస్ట్ చాలావరకు పట్టుకోలేదు, అందుకే స్టెరిలైజేషన్, మీడియా ఫిల్, గది పర్యవేక్షణ అన్నీ ఉన్నాయి. 1972లో ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో నరానికి ఎక్కించే గ్లూకోజ్ ద్రవం బాటిళ్లు కలుషితమై రోగులు చనిపోయారు, ఆటోక్లేవ్ కింది భాగంలో గాలి మిగిలి అక్కడి బాటిళ్లు స్టెరైల్ కాలేదు. అలాంటి బ్యాచ్ మన చేతికి వచ్చి, అదృష్టం కొద్దీ ఆ 20లో ఒకటి కలుషితమైనది తగిలిందనుకోండి. ఆ ఒక్క బాటిల్ మీడియా చచ్చిపోయి ఉంటే ఇక దాన్ని పట్టేవాళ్లు లేరు.

పరవాడ_మైక్రో:

రమణ గారూ, ఈ లెక్క మా నోటీస్ బోర్డు మీద రాసి పెడతాను. క్యూఏ వాళ్లు ఆ లాట్ మొత్తాన్ని క్వారంటైన్ చేశారు. స్క్రూ మూత బాటిళ్లకు ఇండెంట్ పెట్టారు, ఆటోక్లేవ్‌ని పొద్దున షిఫ్ట్‌కి మార్చారు. ఒక్క ప్రశ్న మిగిలింది. ఇంక్యుబేటర్‌లో ఉన్న ఆ రెండు బ్యాచ్‌ల బాటిళ్లు ఎలాగూ చెల్లవు కదా, తీసి ఆటోక్లేవ్ చేసి పారేయమంటున్నారు, స్థలం కావాలట. తీసేయొచ్చా?

క్యూఏ_శ్రీధర్_పాశమైలారం:

వద్దు, అస్సలు తీయొద్దు. పెరగకపోతే ఆ ఫలితం చెల్లదు గానీ, పెరిగితే మాత్రం దాన్ని కాదనలేం. సోయాబీన్ కేసీన్ బాటిళ్ల మీడియా పాస్ అయింది కూడా. 14 రోజులూ ఉంచి, రోజూ చూసి రాయండి. ఏదైనా మసక కనిపిస్తే ఆ జీవి ఏంటో గుర్తించి, అప్పుడు ఆ బ్యాచ్ మీద దర్యాప్తు వేరేగా మొదలవుతుంది. స్థలం లేదంటే ఎఫ్‌టీఎం బాటిళ్లకు 30 నుంచి 35 డిగ్రీలకు క్వాలిఫై చేసిన ఇంకో ఇంక్యుబేటర్ చూసుకోమనండి, మార్చిన టైమ్, ఉష్ణోగ్రత లాగ్‌బుక్‌లో రాయించండి.